మెల్బోర్న్ వెళ్ళిన మేకులు

ఫుట్‌బాల్ మ్యాచ్‌లో బంతిని వదిలేసి ఆటగాళ్ళ కాళ్ళు చూసే దురలవాటు నాకు ఓ పెద్దాయన వల్లే పట్టింది. మళ్ళీ ప్రపంచ కప్పు వచ్చింది కదా, మా ఆఫీసు లంచ్‌రూములో టీవీ పొద్దుటినుంచీ మోగుతూనే ఉంటోంది. మొన్న అందరూ గోల్ అని లేచి అరుస్తుంటే నేను ఆ గోల్ కొట్టినవాడి ఎడమ బూటు లేసు ఊడిపోయిందని చూస్తూ కూర్చున్నాను. పక్కనున్న కొలీగ్ నా మొహం చూసి, పాపం ఈవిడకి ఆట తెలియదనుకుని, ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో చెప్పడం మొదలుపెట్టాడు. నేను మర్యాదకి విన్నాను. ఆయనైతే మధ్యలోనే లేచి వెళ్ళిపోయేవారు.

ఆయన పోయి ఇంకా నెల కాలేదు. పేరు రాయను. రాస్తే ఆయన కొడుక్కి ఇబ్బంది. పేరు చెబితే ఇంటిపేరు అడుగుతారు, ఇంటిపేరు చెబితే ఊరు అడుగుతారు, ఆ తర్వాత ఇంక అడగరు, వాళ్ళే లెక్క తేల్చుకుంటారు. పెర్త్‌లో మేమందరం ఆయన్ని అంకుల్ అనేవాళ్ళం. ఆయన నన్ను బిడ్డా అనేవారు. నేను తెనాలి పిల్లని, మావైపు ఆ పిలుపు లేదు. అందుకేనేమో ఆయన అలా పిలిస్తే నాకు బాగుండేది.

సికింద్రాబాద్ లాలాగూడలో రైల్వే ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. భార్య పోయాక కొడుకు ఇక్కడ పెర్త్ శివార్లలో, పియారా వాటర్స్‌లోని తన ఇంటికి తెచ్చుకున్నాడు. ఊరంతా నిక్కర్లూ రబ్బరు చెప్పులతో తిరిగే ఎండలో కూడా ఆయన ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని, మొహం కనబడేలా పాలిష్ పెట్టిన నల్లబూట్లు వేసుకుని పార్కుకి వచ్చేవారు. ఎదుటివాళ్ళ మొహం కంటే ముందు వాళ్ళ కాళ్ళవైపు చూసేవారు. చెప్పు ఏ పక్క అరిగిందో చూసి జబ్బు చెప్పడం ఆయన సరదా. "నీ మొగనికి కుడి మోకాలు నొస్తది గదా బిడ్డా" అన్నారు నాతో మొదటిసారి. నొప్పేమీ లేదు. సగం సార్లు తప్పే చెప్పేవారు. అయినా మానేవారు కాదు.

టీవీలో ఫుట్‌బాల్ వస్తే కుర్చీ అంచుమీదకి జరిగి కూర్చునేవారు. గోల్ ఎవరు కొట్టారంకుల్ అని అడిగితే, "చూడలే. వాని బూటు చూస్తున్న" అనేవారు. ఇప్పటి రంగురంగుల బూట్లంటే ఆయనకి వెటకారం. "పెండ్లికి పోతున్నరా ఏంది వీళ్ళు? గులాబీ రంగుదొకటి, నిమ్మకాయ రంగుదొకటి." ఎవరైనా జారిపడితే మాత్రం నవ్వేవారు కాదు. నొచ్చుకునేవారు. పడ్డవాడి తప్పు కాదు, బూటు అడుగుది అని ఆయన లెక్క.

మా హారిస్‌డేల్, పియారా వాటర్స్ చుట్టుపక్కల శనివారం వస్తే ఎవరో ఒకరింట్లో భోజనాలు. అన్ని కుటుంబాలు ఒకచోట చేరితే గుమ్మం బయట చెప్పుల గుట్ట. వెళ్ళేటప్పుడు ఒంటికాలిమీద గెంతుతూ ఎవరి జత వాళ్ళు వెతుక్కోవడం ఒక పెద్ద పని. అంకుల్ వచ్చిన మొదటి వారమే దాని సంగతి చూశారు. లోపల అందరం ప్లేట్లు పట్టుకుని ఇళ్ళ ధరల గురించి మాట్లాడుకుంటుంటే ఆయన బయటికి వెళ్ళి, వంగి, ఏ జతకాజత కలిపి, మడమలు గుమ్మంవైపు, వేళ్ళు రోడ్డువైపు పెట్టి వరసగా సర్దారు. నేరుగా కాలు దూర్చి నడిచిపోవచ్చు. ఎవరైనా వద్దంటే, "ఉండుండు, పోయేటప్పుడు అల్కగైతది" అనేవారు. ప్రతి శనివారం అదే. "ఎంత సింప్లిసిటీ అండీ" అని మా తెలుగు సంఘం ప్రెసిడెంటుగారు మురిసిపోయేవారు. "ఆ తరం సంస్కారమే వేరు" అనేవాడు మా ఆయన. మా ఆయన సంఘానికి సెక్రటరీ.

ఆ మురిపానికి వేరే కారణం ఉంది. అంకుల్ రాకముందే ఆయన గురించి మాకో సంగతి తెలుసు. పందొమ్మిదివందల యాభై ఆరులో మెల్బోర్న్‌లో ఒలింపిక్స్ జరిగినప్పుడు ఇండియా ఫుట్‌బాల్ జట్టు ఇక్కడికొచ్చి, ఆస్ట్రేలియాని ఆస్ట్రేలియాలోనే ఓడించి, సెమీఫైనల్ దాకా వెళ్ళింది. ఆసియానుంచి అంతదూరం వెళ్ళిన మొదటి జట్టు అదే. చివరికి నాలుగో స్థానంతో తిరిగెళ్ళారు. ఆ జట్టులో హైదరాబాద్ వాళ్ళు చాలామంది. మాలో సగంమందికి ఇండియాకి ఫుట్‌బాల్ జట్టుందనే తెలియదు, ఇదెక్కడ తెలుస్తుంది? అంకుల్ కొడుకు చెప్పాడు. మా తాత ఆ టీంలో ఉన్నాడు అన్నాడు.

ఎప్పుడు చెప్పాడో నాకు గుర్తుంది. అతను మా గుంపులోకి కొత్తగా వచ్చిన రోజుల్లో ఒకరింట్లో భోజనాల దగ్గర మావైపు ఆయనొకాయన, "మీరు ఏమిటోళ్ళండీ?" అని అడిగాడు. కృష్ణా, గుంటూరువైపు కులం అడిగే పద్ధతి అది. పళ్ళెంలో కూర వడ్డించినంత తేలిగ్గా అడుగుతారు. అతను ఒక్క క్షణం ఆగి, మా తాత ఒలింపిక్స్ ఫుట్‌బాల్ టీం అన్నాడు. అందరూ అటు తిరిగారు. అసలు ప్రశ్న ఎవరికీ గుర్తులేదు. ఒలింపిక్స్ దాకా వెళ్ళినవాళ్ళంటే ఎలాంటి ఇంటివాళ్ళై ఉంటారో వీళ్ళే ఊహించుకున్నారు. ఒక్కరూ వెతికి చూడలేదు. రివ్యూలు చదవందే దోసెల హోటల్లో కాలుపెట్టని మనుషులు, ఈ ఒక్కదాన్నీ కళ్ళు మూసుకుని నమ్మారు. మా ఆయనైతే వాళ్ళ మేనేజరు దగ్గర గొప్పలు కూడా పోయాడు, మా ఫ్రెండు తాతే మిమ్మల్ని ఓడించాడని.

తర్వాత అంకుల్ వచ్చారు. ఆయన్నీ అదే ప్రశ్న అడిగారు. ఆయన గట్టిగా నవ్వి, "మేం ఫుట్‌బాలోళ్ళం" అన్నారు. ఇంకేం, అందరికీ రూఢి అయిపోయింది. కొడుకు తాత గురించి ఏం చెప్పి ఉంచాడో ఆయనకి తెలియదు. ఆయన మాట ఆయనది. ఫుట్‌బాల్ పెట్టిన అన్నమే తిని పెరిగాం అని ఆయన అర్థం.

పోయిన ప్రపంచ కప్పులో ఆస్ట్రేలియా బాగా ఆడుతోందని పిల్లలందరికీ పిచ్చి పట్టింది. దాంతో మా సంఘంవాళ్ళు కూడా ఫుట్‌బాల్ డే అని ఒకటి పెట్టారు. దగ్గర్లో ఓవల్, అంటే ఆటమైదానం, బుక్ చేశారు. గుడారాలు, సాసేజీలు, ఓ పక్కన పులిహోర, చిన్న వేదిక. ముఖ్య అతిథి ఎవరని తర్జనభర్జనలేమీ జరగలేదు. అంకుల్ బూట్లకి ఇంకోసారి పాలిష్ పెట్టుకుని వచ్చారు. ఎందుకు పిలిచారో తెలుసా అంకుల్ అంటే, "పెద్దోడినని పిలిచిన్రు కావొచ్చు" అన్నారు.

ప్రెసిడెంటుగారు మైకు తీసుకున్నారు. ఒలింపియన్ తనయుడు మన మధ్య ఉండడం మన అదృష్టం అన్నారు. ఆయన తండ్రిగారు భారత జెర్సీ వేసుకుని ఈ నేలమీద పరుగెత్తారన్నారు. శాలువా కప్పారు. అంకుల్ ముందు అర్థంకానట్టు చూశారు. తర్వాత గుంపులో కొడుకు కోసం చూశారు. అతను చేతిలో ఫోను చూసుకుంటున్నాడు. ఆయన మైకు తీసుకున్నారు.

"నమస్తే. సారు చెప్పింది తప్పు. మా నాయిన ఆడలే. ఆయనకు ఆట గూడ రాదు. సికింద్రాబాద్‌ల గ్రౌండు గోడకు ఆనుకొని చెప్పులు కుట్టేటోడు. మెల్బోర్న్ పోయేటోళ్ళల్ల కొందరి బూట్లకు అడుగులేసింది, మేకులు కొట్టింది మా నాయిన. మేం మాదిగోళ్ళం. ఆ టీం ఈ దేశమొచ్చి ఈ దేశపోళ్ళనే ఓడగొట్టింది గదా, అప్పుడు వాళ్ళ కాళ్ళకింద ఉన్నది మా నాయిన పని. ఈ దేశంల నిలబడి గామాట చెప్పాలనుంటుండె నాకు. చెప్పిన."

చప్పట్లు కొట్టారు. కొట్టలేదని అబద్ధం చెప్పను, బాగానే కొట్టారు. ప్రెసిడెంటుగారు తేరుకుని శ్రమ గౌరవం గురించి ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడారు. అంకుల్ తన నల్లబూటుతో బంతిని మెల్లగా తన్ని ఆట మొదలుపెట్టారు. పిల్లలు బంతి వెనక పరుగెత్తారు. పెద్దవాళ్ళు మాత్రం చాలాసేపు పులిహోర దగ్గరే నిలబడిపోయారు, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటూ.

తర్వాతి శనివారం ఇంకొకరింట్లో భోజనాలు. అంకుల్ ఎప్పటిలాగే బయటికి వెళ్ళి వంగారు. ఒకావిడ పరుగున వచ్చి, "అయ్యో అంకుల్, మీరెందుకు" అంటూ ఆయన చేతిలోంచి తన చెప్పులు లాక్కుంది. ఆ మాట ఇదివరకూ అనేవారు. అనేసి లోపలికొచ్చి తినేవారు. ఈసారి ఇంకొకామె, ఇంకొకాయన, వరసగా వచ్చి ఎవరివి వాళ్ళు తీసుకుని పక్కన పెట్టుకున్నారు. ఆయన వంగినవారు వంగినట్టే కొంచెంసేపు ఉండి, నడుం పట్టుకుని లేచారు. లోపల వంటగదిలో ఎవరో మెల్లగా, "ఇదా సంగతి, అలవాటన్నమాట" అన్నారు. పోయిన వారం దాకా సంస్కారం, ఈ వారం అలవాటు. నాకు ఒళ్ళు మండిపోయింది. గట్టిగానే అన్నాను కూడా, ఏమిటండీ అలవాటు అని. అబ్బే ఏం లేదండీ అని పెరుగు గిన్నె అందించింది ఆవిడ. ఆ రోజు అంకుల్ కోడలు తెచ్చిన బగారా అన్నం ట్రే మూత తీసినట్టే ఉంది, ఎవరూ గరిటె పెట్టలేదు. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను. ఒక్కదాన్ని ఎంత తింటాను?

ఎవరూ ఏమీ అనలేదు. అదే మావాళ్ళ గొప్ప. అన్ని జాతులూ ఒకటే అంటూ ఆఫీసుల్లో జరిపే హార్మొనీ వీక్‌కి నారింజరంగు చొక్కాలేసుకుని ఫొటోలు దిగుతారు. తెల్లవాడు పేరు సరిగ్గా పలకకపోతే హెచ్చార్ దాకా వెళ్తారు. కులమా, అది ఇండియాలోనే వదిలేసి వచ్చాం అంటారు. నిజమే, బ్యాగులో వేసుకుని రాలేదు. అడగకుండానే దిగింది వాళ్ళతోపాటు. పిలుపులు తగ్గాయి. మర్చిపోయామన్నారు, మెసేజ్ పెట్టామే రాలేదా అన్నారు, ఈసారి చాలా దగ్గరివాళ్ళనే పిలిచామన్నారు. ఇంట్లో మా ఆయన్ని నిలదీస్తే, "వాళ్ళకే ఇబ్బందిగా ఉంటుందని పిలవలేదేమోలే" అన్నాడు. ఎవరి ఇబ్బంది ఎవరి నెత్తిన పెట్టాడో చూడండి.

ఓ రోజు మధ్యాహ్నం ఇంటినుంచే పని చేస్తూ విసుగొచ్చి చెరువుగట్టుమీద నడవడానికి వెళ్ళాను. అంకుల్ బెంచీమీద కూర్చుని ఉన్నారు. పక్కన కూర్చున్నాను. నల్లహంసలు రెండు గడ్డిలో తిరుగుతున్నాయి. కాసేపటికి అడిగేశాను, ఎందుకు చెప్పారంకుల్ ఆ రోజు అని.

"అప్పుడు నేను చిన్నపోరన్ని. మేకులు అందిస్తుంటి" అన్నారు. ఇప్పటి బూట్లలా అచ్చుపోసిన అడుగులు కావట అవి. తోలు ముక్కలు పొరలుపొరలుగా పేర్చి, బూటు అడుక్కి మేకులతో దిగ్గొట్టాలి. మేకు ఎక్కువ దిగితే ఆడేవాడి పాదంలో గుచ్చుకుంటుంది. తక్కువ దిగితే మధ్యలో ఊడి, మనిషి జారతాడు. వాళ్ళ నాయన ప్రతి బూటు లోపలా చెయ్యిపెట్టి, వేళ్ళతో తడిమి చూసుకునేవాడట.

"టీం వాపసొచ్చినంక ఒకాయన బూట్లు చేతుల పట్టుకొని మా నాయిన తానకొచ్చిండు. తిరగేసి చూపెట్టిండు. ఒక్క మేకు ఊడలే. మా నాయిన ఆ దినమంత అన్నం తినలే, ఖుషీల. తర్వాత మా దిక్కు వాళ్ళకు సన్మానం జేసిన్రు. దండలు, బ్యాండు. మా నాయిన్ని ఎవ్వలు పిలువలే. పిలువాలె అన్న సోయి ఎవ్వలికి లేకుండె. మా నాయినకు గూడ లేకుండె. దూరం నిలబడి చూసి, చీకటి కాకముందే వచ్చి పనిల కూసున్నడు. ఆ సోయి నాకొచ్చింది బిడ్డా, శానా ఏండ్లకు. ఇగ చెప్పకుంట ఎట్లుంట?"

మీ అబ్బాయి ఏమన్నాడని అడిగాను. ఆయన తన బూట్లవైపు చూసుకున్నారు.

"ఏమంటడు? తిన్నవా, గోలీలేసుకున్నవా. గంతే మాట. వాడు తాతను పెద్దోన్ని జేద్దామనుకున్నడు. తాత పెద్దోడే గదా. వానికి కండ్లకు ఆనలే." బూటుమీది దుమ్ము తుడుచుకుంటూ అన్నారు, "నేను పోయినంక గూడ గా మాట గట్లనే ఉండాలె. మా నాయిన పని పేరుతోని. వేరే ఏం వద్దు నాకు."

ఒకసారి మెల్బోర్న్ వెళ్ళి ఆ గ్రౌండు చూసి రాకపోయారా అన్నాను. "ఆడ ఏముంది, గడ్డి. గడ్డి ఈడ గూడ ఉంది" అని లేచి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఆయన శనివారాలకి రావడం మానేశారు. సాయంత్రాలు ఓవల్ దగ్గర కంచెకి ఆనుకుని పిల్లల ప్రాక్టీసు చూసేవారు. ఎవరి లేసు వదులైతే వాళ్ళని కేకేసి పిలిచేవారు. పోయిన నెల ఒక ఉదయం టీ కప్పు చేతిలో ఉండగానే గుండె ఆగిపోయింది. మూడేళ్ళకి పైగా వాళ్ళింటి గడప తొక్కనివాళ్ళు కూడా అంత్యక్రియలకి వచ్చారు. చావుకి వెళ్ళడంలో మావాళ్ళకి ఏ పట్టింపూ లేదు, అక్కడ భోజనం ఉండదు కదా.

క్రెమటోరియం హాల్లో కుర్చీలన్నీ నిండాయి. లాలాగూడలో ఉన్న చుట్టాలు చూడడానికి కెమెరా పెట్టారు. అంకుల్ చెల్లెలు ఒకావిడ అక్కడ ఫోను ముందు కూర్చుని ఉందని కోడలు చెప్పింది. కొడుకు నల్లకోటు వేసుకుని లేచాడు. మొత్తం ఇంగ్లీషులోనే మాట్లాడాడు. నాన్న క్రమశిక్షణ గురించి, ఆయన బూట్ల మెరుపు గురించి బాగా చెప్పాడు. నాకు కన్నీళ్ళొచ్చాయి. ఆ తర్వాత అన్నాడు, ఆ క్రమశిక్షణ మా తాతగారి నుంచి వచ్చింది, ఆయన మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా జెర్సీ వేసుకుని ఆడారు అని.

నా కన్నీళ్ళు ఆగిపోయాయి. చుట్టూ చూశాను. ఓవల్‌లో ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్ళందరూ ఉన్నారు. ఒక్కొక్కరూ మెల్లగా తల ఊపుతున్నారు. ప్రెసిడెంటుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. లాలాగూడలో ఆ చెల్లెలు కూడా వింటూనే ఉండి ఉంటుంది. ఆవిడకి ఇంగ్లీషు రాదు.

బయట కార్ల మధ్య కొడుకే నా దగ్గరికొచ్చాడు.

"అక్కా, అట్ల చూడకండి."

"నాన్నగారు ఏం కోరుకున్నారో నీకు తెలుసు కదా" అన్నాను.

"తెలుసు. నాకు చెప్పకుంట ఉంటడా? రోజూ చెప్పిండు." వెనక వచ్చేవాళ్ళకి దారిచ్చి కారు పక్కకి జరిగాడు. "నాన్న ఒక్కరోజు స్టేజ్ ఎక్కి చెప్పిండు. తెల్లారి నుంచి అందరి మొహాలు చూసింది మేము. మా పాపకు ప్రైమరీ నుంచి ఒకటే ఫ్రెండ్స్ గ్రూప్. మొన్న వాళ్ళల్ల ఒకమ్మాయి వోణీల ఫంక్షన్‌కి అందర్నీ పిలిచిన్రు, దీన్ని పిలువలే. వాట్ డిడ్ ఐ డూ, డాడ్ అని అడిగింది. ఏం చెప్పాలె నేను? చెప్పండి. తాత మంచి పని చేసిండు అందుకే అని చెప్పాలెనా?"

అతను నల్లకోటు గుండీలు విప్పుకున్నాడు.

"మీరు మంచోళ్ళే అక్కా. నాన్న మీ గురించి చెప్పేటోడు. కానీ మీ ఇంటిపేరు మీరు ఎప్పుడన్న మెల్లగ చెప్పిన్రా?"

లేదు. నా ఇంటిపేరు నేనెప్పుడూ గట్టిగానే చెప్పాను. స్కూల్లో, పెళ్ళిలో, ఇక్కడికొచ్చాక కూడా, అడగనివాళ్ళకి సైతం. అతని మీద పెంచుకున్న కోపం ఎటు పోయిందో తెలియలేదు. చేతులు పట్టుకున్నాను, అంతే. ఎవరో పిలిస్తే అతను వెళ్ళిపోయాడు.

మా ఆయన కారు తీశాడు. ఫ్రీవే ఎక్కాక, "బాగా మాట్లాడాడు కుర్రాడు" అన్నాడు.

"ఆ రోజు అంకుల్ చెప్పింది నువ్వూ విన్నావుగా" అన్నాను.

"విన్నాన్లే. పెద్దాయన ఏదో ఎమోషనల్‌గా అన్నాడు. ఇంట్లోవాళ్ళ కంటే మనకెక్కువ తెలుస్తుందా?" అద్దంలో వెనక చూసుకుని లేను మారాడు. "ప్రెసిడెంటుగారు ఇందాకే అన్నారు, అబ్బాయిని కమిటీలోకి తీసుకుందామని. ఈసారి ఫుట్‌బాల్ డేకి వాళ్ళ తాత పేరుమీద ఒక కప్పు కూడా పెడతారట. ఒలింపియన్ మెమోరియల్ కప్. వాళ్ళకీ గౌరవంగా ఉంటుంది."

అతని గొంతులో ఎక్కడైనా వెటకారం ఉందేమోనని వెతికాను. లేదు. నిజంగా మంచిపని చేస్తున్నాననే అనుకుంటున్నాడు. కప్పుమీద పేరుకి ముందు శ్రీ అని చెక్కించాలా, కీర్తిశేషులు అని చెక్కించాలా అని నన్నడిగాడు.